నవాబు ఎడమ చక్రం

అల్ కుసైస్, దుబాయ్
17 జూలై 2020

నయీమ్ అన్నకు, సలాం.

ఉత్తరం చూసి కంగారుపడకు. కొత్తగా ఎవరికీ ఏమీ కాలేదు. అయ్యేదంతా మే నెలలోనే అయిపోయింది. అబ్బా ఖననానికి నలుగురినే రానిచ్చారు, ఆ నలుగురిలో నేను లేను. నాకూ కరోనా పాజిటివ్ అని సత్వాలో ఒక గదిలో పెట్టారు. అక్కడే ఒంటరిగా నమాజు చదువుకున్నాను. ఈ సంగతి చెబుదామని నీకు పదిసార్లు ఫోన్ చేశాను. పదేళ్లకు పైగా తమ్ముడి ఫోన్ ఎత్తనివాడివి ఇప్పుడు మాత్రం ఎందుకు ఎత్తుతావులే. అందుకే డేరా బజారులో బుడేన్ సాహెబ్ కార్గోకు వెళ్లి, షాహీన్ వదినకు పంపే డబ్బాలో సబ్బుల మధ్య ఈ కాగితం పెడుతున్నాను. సబ్బులు ఉంచుకుని కాగితం పారేసినా నేను చేయగలిగింది లేదు.

నిన్న గ్యారేజీ వెనక ఉన్న టార్పాలిన్ లాగాను. కింద నవాబు ఉన్నాడు. నువ్వు చివరిసారి చూసినట్టే ఉన్నాడు, ముక్కు పచ్చడై, ఒక కన్ను లేకుండా. వెనక సీట్లో పిల్లి కాపురం పెట్టింది. నన్ను చూసి, ఎవడ్రా నువ్వు అన్నట్టు అరిచింది.

1964 నాటి అమెరికా కారు, దాని కడుపులో అబ్బా కూరిన లారీ ఇంజిన్, ఆ దానిమ్మ రంగు. శుక్రవారం నమాజు అయ్యాక పొడుగు సీటు మీద ముగ్గురం కూర్చుని ఫుజైరా సముద్రం దాకా పోయేవాళ్లం. సిగ్నల్ దగ్గర కుర్రాళ్లు కొత్త బండ్లలోంచి తలలు బయటపెట్టి చూస్తుంటే అబ్బా మీసం తిప్పేవాడు. "ఇది కారు కాదురా, నవాబు. మనం పిలిస్తే రాదు, అది పిలిస్తే మనం పోవల్ల" అనేవాడు, గుర్తుందా?

నువ్వు వెళ్లిపోయాక అబ్బా ఆ బండిని అమ్మలేదు, బాగు చేయలేదు, ఎవరినీ చేయి పెట్టనివ్వలేదు. నేను బాగు చేస్తాను. రెండేళ్లు చాలు. నాకు ఒకచోట కాలు నిలవదని నీకు తెలుసు కదా, ఈ కరోనాలో పనిలేక చేతులు దురద పెడుతున్నాయి. ఆ ఇంజిన్ నీళ్ల ట్యాంకరుదా, సిమెంటు లారీదా? కార్బురేటర్‌లో అబ్బా ఏదో మార్చాడు, అప్పుడు నువ్వే పక్కన ఉన్నావు. కోపం ఉంచుకునే చెప్పు, ఫరవాలేదు.

నీ తమ్ముడు
సైఫ్


రాయచోటి
28 సెప్టెంబర్ 2020

సైఫ్‌కు,

సబ్బులు అందాయి. షాహీన్ బాగున్నాయంది. కాగితం పారేయలేదు.

ఆ బండిని షార్జాలో పాత ఇనుము వాడికి తోలెయ్. అది నా మోకాలు తిన్నది. నా దుబాయ్ తిన్నది. నాకు వీసా రద్దు చేయించి విమానం ఎక్కించింది వీసా ఇచ్చిన కఫీల్ కాదు, కన్నతండ్రి. "ఇట్లాంటోడు నా గ్యారేజీలో ఉండగూడదు" అని ఆయన అన్నప్పుడు నువ్వు అక్కడే ఉన్నావు. నేల చూస్తూ ఉన్నావు. ఖాదర్ హుస్సేన్ పెద్దకొడుకు ఇప్పుడు బోరు మోటార్లకు తీగ చుట్టుకుని బతుకుతున్నాడు. మోకాలు వంగని వాడికి బల్ల మీద కూర్చుని చేసే పని అదొక్కటే దొరికింది. ఆయన పోయాడని తెలిసిన రోజు కూడా దుకాణం తెరిచాను. తెరిచి, ఏమీ చేయకుండా సాయంత్రం దాకా కూర్చున్నాను.

ఇంజిన్ నీళ్ల ట్యాంకరుది. సిమెంటు లారీది అనుకోవడం నీ తెలివికి తగ్గట్టే ఉంది. కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే రంధ్రాన్ని ఆయన సన్న సూదితో మూడు రోజులు కూర్చుని పెద్దది చేశాడు. కొత్తది తెచ్చి వేశావంటే నవాబు దగ్గుతాడు. పాతదాన్నే కిరసనాయిలులో నానబెట్టు.

ఒక్క మాట. చేసేదే అయితే ముందువైపు చక్రాల పని నువ్వు పెట్టుకోకు. ఇంకెవరికైనా ఇవ్వు. ఎందుకని అడగకు.

నయీమ్


అల్ కుసైస్
9 జనవరి 2022

అన్నకు, సలాం.

రెండేళ్లు చాలు అన్నాను కదూ. నవ్వుకో.

ఇంజిన్ మూడుసార్లు కిందికి దించాను. మొదటిసారి పని ఉండి దించాను, రెండోసారి అనుమానంతో దించాను, మూడోసారి ఎందుకు దించానో నాకే తెలియదు. కన్ను షార్జా తుక్కు దుకాణాల్లో దొరికింది, ఎనిమిది నెలలు వెతికితే. దానిమ్మ రంగు మూడుసార్లు వేయించి మూడుసార్లు గీకించాను. రంగు వేసే ఆశిష్ పోఖరా వాడు, నాకంటే పదేళ్లు పెద్ద, చాలా ఓపిక గలవాడు. వాడే నిన్న కుంచె నేలకేసి కొట్టి, "సైఫ్ భాయ్, నాలుగోసారి గీకమంటే ఖలాస్, నేను నేపాల్ వెళ్లిపోతా" అన్నాడు. నువ్వు చెప్పిన కార్బురేటర్ మాట మాత్రం నిజం. పాతదే పెట్టాను. ఇంజిన్ మోగినప్పుడు ఆ వీధిలో పిల్లులన్నీ గోడలెక్కాయి.

బండి విప్పుతుంటే ఎక్కడ చూసినా నీ తెల్ల గీతలే. మన గ్యారేజీ పద్ధతి ఆశిష్‌కు చెబితే వింతగా విన్నాడు. నట్టు బిగించినవాడు నట్టు మీద నుంచి పక్క ఇనుము దాకా రంగుతో సన్న గీత గీయాలి, నట్టు కదిలితే గీత తెగి కనబడుతుంది, ఎవరి రంగు వారిది. అబ్బాది పసుపు, నీది తెలుపు, నాది నీలం. గీత ఉన్న నట్టు మీద అబ్బా మళ్లీ పానా పెట్టేవాడు కాదు. "గీత గీసినాడంటే ఒట్టు పెట్టినట్టే" అనేవాడు. నేను ఇప్పటికీ నీలం గీతే గీస్తున్నాను. నీ గీతలు కొన్నిచోట్ల చెరపడానికి చేయి రాక వదిలేశాను.

మూడు చక్రాలు అయ్యాయి. ముందు ఎడమది ఒక్కటే మిగిలింది. రోజూ దాని ముందు కూర్చుంటాను. పానా తీస్తాను. టీ తాగి వద్దామని లేస్తాను. ఈ నెలలో ఎన్ని టీలు తాగానో కరక్ చాయ్ కొట్టు మలయాళీని అడగాలి.

ఫైజా ఎలా ఉంది? ఇప్పుడు ఏ తరగతి?

సైఫ్


రాయచోటి
20 ఏప్రిల్ 2022

సైఫ్‌కు,

ఏడాదిన్నరకు మూడు చక్రాలు. నిన్ను ఇంకా గ్యారేజీలో ఉంచుకున్నాడంటే ఆ కఫీల్ ధర్మాత్ముడు.

ఫైజా మూడో తరగతి. బండి గురించి షాహీన్ చెప్పింది, నేను చెప్పలేదు. ఇప్పుడు నోటు పుస్తకాల వెనక ఎర్ర పెన్సిలుతో కార్లు గీస్తోంది. అందులో మీసాలు ఉన్న మనిషి ఒకడు ఉంటాడు, వాడు నేనట. నాకు మీసం లేదని చెప్పినా వినదు.

ఇంకో సంగతి కూడా విను. నిన్న ఇఫ్తార్ అయ్యాక దాన్ని వెంటబెట్టుకుని టీకొట్టు దగ్గర ఆగాను. డేరా నుంచి సెలవుకు వచ్చిన బుడేన్ సాహెబ్ మేనల్లుడు నలుగురిని కూర్చోబెట్టుకుని దుబాయ్ కబుర్లు చెబుతున్నాడు. నా కాలు వైపు చూపించి, "తాగి తోలినాడంట అప్పుడు. అందుకే వాళ్ల నాయన తరిమేసినాడంట" అన్నాడు. నా ముందే అన్నాడు. నా కూతురి ముందు అన్నాడు. దారిలో అది, "తాగితే కాలు పోతుందా అబ్బా?" అని అడిగింది. నేను జన్మలో చుక్క ముట్టలేదు సైఫ్. నీకు తెలుసు. అక్కడ ఉన్న అందరికీ అదే మాట చెలామణీలో ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఇన్నేళ్లలో ఒక్కడూ కాదనలేదన్న మాట.

ఆ ఎడమ చక్రం ఆశిష్‌కు వదిలెయ్. నువ్వు టీ తాగడానికే వెళ్లు.

నయీమ్


అల్ కుసైస్
29 మార్చి 2024

అన్నకు,

రెండేళ్లు నీకు రాయలేదు. రాయడానికి కూర్చోకుండా ఉండటానికి ఎన్ని చేయాలో అన్నీ చేశాను. గ్యారేజీ మానేసి అబూధాబీలో ఏసీల కంపెనీలో చేరాను. ఆరు నెలలకు అక్కడి మేనేజరుతో గొడవపడి వెనక్కి వచ్చాను. మూడు గదులు మారాను. ఎక్కడ పడుకున్నా టీకొట్టు దగ్గర ఫైజా అడిగిన ప్రశ్నే వినిపిస్తోంది.

మొన్న ఇఫ్తార్‌కు అరగంట ముందు ఆ చక్రం విప్పాను.

ముందు నీకు చెప్పాల్సింది చెబుతాను. 2009 రంజాన్, ఇరవై ఏడో రోజా ఉపవాసం. మర్నాడు నవాబును నువ్వు ఫుజైరాకు తీసుకుపోవాలి. నువ్వు ఇంజిన్ దగ్గర ఉన్నావు, అబ్బా నాకు ముందు చక్రాలు అప్పజెప్పాడు. ఎడమ చక్రానికి స్టీరింగు రాడ్డును పట్టి ఉంచే పట్టీ ఉంది కదా, దాని నట్టు వేలితో తిప్పి పెట్టాను. పానా అందుకోబోతుంటే సాయంత్రం మగ్రిబ్ అజాన్ అయింది. "యల్లా సైఫూ, ఖర్జూరాలు అయిపోతాండాయి" అని నువ్వే కేకేశావు. తిన్నాక బిగిద్దాంలే అనుకున్నాను. కుంచె చేతిలోనే ఉంది, రంగు ఆరిపోతుందని గీత ముందే గీసేశాను. తిన్నాక తరావీహ్ నమాజుకు వెళ్లాను. నట్టు మరిచిపోయాను. గీత ఉంది కనుక అబ్బా చూడలేదు. గీత ఉంది కనుక నువ్వూ చూడలేదు. మర్నాడు ఫుజైరా దారిలో మసాఫీ మలుపులో రాడ్డు ఊడి వచ్చింది, నీ చేతిలో స్టీరింగు ఊరికే తిరిగింది.

పండగ నాలుగో రోజు, సెలవులు అయ్యాక, అబ్బా బండి కిందికి దూరాడు. బయటికి వచ్చి "తెలుపు" అన్నాడు, అంతే. నేనూ వంగి చూశాను. వదులు నట్టు మీద తెల్ల గీత ఉంది. అన్నా, నాకు అప్పుడు ఊపిరి వచ్చింది. నేను చేసింది కుడి చక్రమేమో, ఎడమది తర్వాత నువ్వు చేశావేమో అనుకున్నాను. అలా నమ్మితే బాగుంటుందని నమ్మాను.

ఇంకొకటి మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది, దాచాను. అబ్బా ఆసుపత్రి నుంచి చివరిసారి ఫోన్ చేసినప్పుడు దగ్గు మధ్యలో ఒకే మాట రెండుసార్లు అన్నాడు: "నవాబు ముందు ఎడమ చక్రం నువ్వే విప్పల్లరా సైఫూ. ఇంకొకనితో విప్పియ్యద్దు." నువ్వేమో ఇంకెవరికైనా ఇవ్వమన్నావు. ఇద్దరూ ఒకే చక్రం గురించి చెప్పడం చూసి నాకు భయం వేసింది.

మొన్న ఆ తెల్ల గీతను బ్లేడుతో గీకాను. పెచ్చులాగా లేచింది. దాని కింద నీలం ఉంది.

నువ్వే వేశావు. నా మీదికి రాకుండా నా గీత మీద నీ గీత వేశావు. తెల్ల గీత ఒక పక్కన చెరిగి ఉంది, తడిగా ఉన్నప్పుడు ఎవరో వేలు పెట్టినట్టు. అది నీ వేలేనా?

సైఫ్


రాయచోటి
16 మే 2024

సైఫ్,

నా వేలు కాదు.

పండగ మూడో రోజు నన్ను ఆసుపత్రి నుంచి పంపారు. గ్యారేజీకి తాళం. నా దగ్గర ఒక తాళంచెవి ఉంది. తొడ దాకా సిమెంటు కట్టుతో, కర్ర పట్టుకుని టాక్సీలో వచ్చి, ఆ బండి కింద వెల్లకిలా పడుకుని పాకాను. నీ నీలం గీత చూశాను. నట్టు రెండు వేళ్లతో తిరుగుతోంది. నీకు అప్పుడు పదిహేడేళ్లు. అబ్బా కోపం పెద్దకొడుకు మీద అయితే వారం ఉంటుంది, నీ మీద అయితే ఎముకలు మిగల్చడు అనుకున్నాను. తెలుపు వేశాను, వచ్చేశాను. ఇంత చిన్న పని అది. వారం అనుకున్నది పదిహేనేళ్లు అయింది.

నట్టు గురించి నాకు కోపం లేదు, రాసిపెట్టుకో. రోజా ఉన్న కుర్రాడు ఆకలి మీద నట్టు మరిచిపోతాడు. నన్ను సాగనంపడానికి నువ్వు ఎయిర్‌పోర్టుకు వచ్చావు. నా సంచి మోశావు. లోపలికి పోయే ద్వారం దాకా నీ ముఖమే చూశాను, ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు చెబుతాడని. నువ్వు చెప్పలేదు. ఊరికి వచ్చాక నీ ఫోన్ మోగినప్పుడల్లా ఇదే అయి ఉంటుందనుకున్నాను. నువ్వు "కాలు ఎట్లుంది అన్నా?" అనేవాడివి. ఆ మాట ఇక వినలేక ఎత్తడం మానేశాను. నీకు ఊపిరి వచ్చిందని రాశావు చూడు, ఆ ఊపిరి ఎవరిదో ఒక్కసారి కూడా ఆలోచించలేదా?

ఇక ఆయన. ఎండీ ఎండని రంగు ఆయన వేలికే అంటుకుని ఉంటుంది. ఊరంతా సెలవు, గ్యారేజీకి తాళం, నట్టు మీద తడి తెలుపు. నలభై ఏళ్లు నట్లు చూసిన మనిషికి ఇంకేం చెప్పాలి? ఆయనకు ఆ రోజే తెలుసు. తెలిసీ నన్ను పంపేశాడు. గీత మీద గీత వేసి అబద్ధం ఆడినందుకు పంపాడో, లేక నోరు జారాక వెనక్కి తీసుకోవడానికి మనసు రాలేదో. మరి తర్వాత ఎందుకు పిలవలేదు? చివరికి చావు మంచం మీద నుంచి కూడా నాకు ఫోన్ చేయలేదు, నీకు చేశాడు. ఇన్నాళ్లూ ఆయన తెలియక తరిమాడని సర్దిచెప్పుకున్నాను. నువ్వు అది కూడా గీకేశావు.

ఇక రాయకు.

నయీమ్


అల్ కుసైస్
22 నవంబర్ 2024

అన్నకు, సలాం.

రాయకు అన్నావు. ఈ ఒక్కటీ రాసి ఆపేస్తాను.

నీ ఉత్తరం చదివిన వారమే డేరా వెళ్లాను. శుక్రవారం నమాజు అయ్యాక బుడేన్ సాహెబ్ కార్గో ముందు మనూరివాళ్లంతా చేరతారు కదా, అక్కడ ఒక అట్టపెట్టె మీద నిలబడ్డాను. నట్టు నాది, గీత నాది, మా అన్న తాగలేదు, రోజా ఉండి తోలాడు, నన్ను కాపాడటానికి తన మీద వేసుకున్నాడు, నేను పదిహేనేళ్లు నోరు మూసుకున్నాను అని చెప్పాను. కొందరు తిట్టారు. ఒకాయన నా ముఖం మీదే ఉమ్మినంత పని చేశాడు. బుడేన్ సాహెబ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఆ పిల్లోడు నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేదే ఇన్నేండ్లు. మేమేమో ఏందేందో అనుకుంటిమే" అన్నాడు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం వెళ్తున్నాను. కొత్తవాళ్లు కనబడితే మళ్లీ చెబుతున్నాను. ఆశిష్ కూడా విన్నాడు. మూడో రోజు వచ్చి అడగకుండానే బంపర్ బిగించాడు.

ఏప్రిల్‌లో ఇక్కడ వాన ముంచెత్తింది, నువ్వు టీవీలో చూసే ఉంటావు. కుసైస్ వీధుల్లో నడుముల్లోతు నీళ్లు. నవాబును నేనూ ఆశిష్ తోసి ర్యాంపు మీదికి ఎక్కించాం. ఇప్పుడు బండి అయిపోయింది అన్నా. దానిమ్మ రంగు కుదిరింది. పొడుగు సీటుకు కొత్త తోలు వేయించాను. పాసింగు పరీక్ష అయింది, నంబరు వచ్చింది.

కానీ నేను తోలలేను. పాసింగుకు కూడా ఆశిష్ తోలాడు. ఆ ఎడమ పట్టీకి కొత్త నట్టు తెచ్చాను. ఇప్పటికి ఎన్నిసార్లు బిగించి విప్పానో చెప్పలేను. పొద్దున బిగిస్తాను, మధ్యాహ్నం అనుమానం వచ్చి విప్పుతాను. గీత మాత్రం గీయలేదు. నీలం డబ్బా మూత తీస్తే చాలు, ఆ రోజు ఖర్జూరాల రుచి నోట్లోకి వస్తోంది.

దీంతో పాటు నీ పేరున విజిట్ వీసా కాగితం పెట్టాను. నువ్వు చించేయొచ్చు. రాగలిగితే రా, వచ్చి ఆ నట్టు నువ్వు బిగించు. తెల్ల గీత గీయి. నీ గీత ఉంటే నేను నిశ్చింతగా తోలుతాను.

క్షమించమని అడగడానికి నాకు నోరు లేదు. అడుగుతున్నాను.

సైఫ్


రాయచోటి
12 జనవరి 2025

సైఫ్‌కు, సలాం.

బుడేన్ సాహెబ్ ఫోన్ చేశాడు. పెద్దమనిషి ఏడుస్తుంటే కార్గో వ్యాపారం ఎలా ఉందని అడిగాను. తర్వాత ఆయన మేనల్లుడు ఇంటికి వచ్చాడు. ఫైజాను పిలిచి, అప్పుడు టీకొట్టు దగ్గర అన్న మాట తప్పని దానికే చెప్పమన్నాను. వాడు చెప్పాడు. అది విని, "నాకు ముందే తెలుసు" అని లోపలికి పోయింది. తలుపు వెనక్కి వెళ్లి ఏడ్చిందని షాహీన్ చెప్పింది.

నీ మీద కోపం పోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. కొంత పోయింది. మిగతాది వచ్చి నీ ముఖం మీదే దులుపుతాను.

వీసా కాగితం చించలేదు. ఫిబ్రవరి ఏడున శుక్రవారం పొద్దున దిగుతాను. టాక్సీ వద్దు, నవాబును తీసుకురా. ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా మసాఫీ మలుపుకు పోదాం. అబ్బా దగ్గరికి తర్వాత వెళ్దాం. ఆయనతో నాకు చాలా మాటలు ఉన్నాయి, అవి నిదానంగా మాట్లాడాలి.

నట్టు నేను బిగించను. నువ్వు మళ్లీ నా తెల్ల గీత వెనక నిలబడతానంటే ఒప్పుకోను. నువ్వే బిగించు. ముందు బిగించు, తర్వాత గీయి. నీలమే గీయి.

బండి నువ్వే తోలాలి. నేను పక్కన కూర్చుంటాను. ఎక్కేముందు కిందికి వంగి చూడను. మోకాలు వంగక కాదు. నీ గీత ఉంటుంది కదా.

నీ అన్న
నయీమ్